ఎర్రదారం లేని మేకలు

పోయిన నెల కరీంనగర్‌లో ఒక పశువుల మందుల షాపుకు వెళ్లాను. మంథనిలో ఉన్న మా చిన్నమ్మ మేకలకు కడుపులో నట్టలు పోయే మందు కావాలి. సీసా చేతికి రాగానే మూత చుట్టూ గోరుతో గీకి చూశాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఎడమ కన్ను మూశాను. తలకిందులు చేసి అడుగున ఏమన్నా అంటుకుందా అని చూశాను. షాపతను మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది మేడం, ఇరవై ఏండ్ల సంది షాపు నడుపుతున్న. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. సీసా మీదనే లేదు," అన్నాను.

ఆ మాట నాది కాదు. ఆ కన్ను మూయడమూ నాది కాదు. రెండూ ఉట్నూర్ అవతల నా మొదటి ఉద్యోగంలో నాతో పనిచేసిన అటెండర్‌వి. ఆయన పోయి రెండేళ్లయింది. పేరు రాయను. బతికుంటే, కాగితం మీద తన పేరెందుకు పడిందని అనుమానపడి, ఎవరు రాయించారో ఆరా తీసేదాకా అన్నం తినేవాడు కాదు. చుట్టుపక్కల గూడేల్లో అందరూ కాక అనే పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను.

నేను డాక్టరుగా చేరేనాటికి ఆ పశువుల దవాఖాన అంటే రెండు గదులు, ఒక ఫ్రిజ్, ఎద్దులను కట్టే చట్రం ఒకటి. ఫ్రిజ్ పైన మంచు అరలో ఒక స్టీలు గ్లాసు ఉండేది. అందులో నీళ్లు గడ్డకట్టి ఉండేవి, ఆ గడ్డ మీద ఒక రూపాయి బిళ్ల. మొదటి రోజు అది చూసి నవ్వాను. ఏ దేవుడికి మొక్కు కాకా అన్నాను. ఆయన నవ్వలేదు.

"కరెంటు పోయి మంచు కరిగితే రూపాయి అడుగుకు పోతది. మల్ల కరెంటొస్తె మంచు గడుతది గాని రూపాయి పైకి రాదు. ఫ్రిజ్ నాకు అబద్ధం చెప్పొచ్చు, రూపాయి చెప్పదు."

పొద్దున రాగానే తాళం తీసి ముందు రూపాయి ఎక్కడుందో చూసేవాడు. అది పైనే ఉంటే ఆ రోజు నాతో మామూలుగా మాట్లాడేవాడు. కొంచెం దిగి ఉంటే నన్ను కూడా అనుమానంగా చూసేవాడు, రాత్రి కరెంటు నేనే తీసేసినట్టు.

జిల్లా నుంచి టీకా మందు జీపులో వస్తే ఇంకో తంతు. ఐస్ నింపిన థర్మోకోల్ డబ్బా దించగానే చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల నీళ్లు గలగలమంటే డ్రైవర్ పని అయిపోయినట్టే. తర్వాత మూత తీసి ఐస్ సంచికి చెంప ఆనించేవాడు. చేతులు ఎండకు బండబారి ఉంటాయని, చల్లదనం చెంపకే సరిగ్గా తెలుస్తుందని ఆయన వాదన.

"ఏడ ఆగినవ్?"

"ఏడ ఆగలే కాకా."

"చాయ్ తాగలేదా?"

"తాగిన, ఐదు నిమిషాలు."

"డబ్బా నీడల బెట్టినవా, ఎండల బెట్టినవా?"

డ్రైవర్ నన్ను చూసేవాడు, ఈయన్ని ఎవరన్నా ఆపండి అన్నట్టు. నేను ఆపేదాన్ని కాదు. ఎందుకంటే అప్పటికి నాకే ఆయన మీద పెద్ద అనుమానం ఉంది.

ఆ అనుమానం సంగతి చెప్పాలి, సిగ్గుగా ఉన్నా సరే. వచ్చిన ప్రతి రకం మందులోనూ రెండు సీసాలు తగ్గేవి. పైగా వాడేసిన ఖాళీ సీసాలు నా కంటపడేవి కావు. సాయంత్రం అయ్యేసరికి దవాఖాన వెనక నుంచి ఫట్ ఫట్‌మని చప్పుడు వచ్చేది. లెక్క దొరక్కుండా సీసాలు పగలగొడుతున్నాడని, నిండువి ఎక్కడో అమ్ముకుంటున్నాడని నేను గట్టిగా నమ్మాను. వయసులో పెద్దవాడు, ఎలా అడగాలా అని పదిరోజులు నానా తంటాలు పడి, ఒక రోజు సరాసరి వెనక్కు పోయి నిలబడ్డాను. ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందు సీసా మీది కాగితాన్ని తడిపి గీకేశాడు, తర్వాత రాయితో సీసాను పగలగొట్టి గుంతలో వేశాడు.

"ఎందుకు కాకా పగలగొడుతున్నవ్?"

"ఖాళీ సీసాకు మస్తు గిరాకి ఉంటది డాక్టరమ్మ. కాగితం మంచిగున్న సీసా దొరికితే చాలు, దాంట్ల ఇంకేమన్నా నింపి మల్ల మనకే అమ్ముతరు. నేను పారేసిన సీసా మల్ల నా చేతికే రావొద్దు."

"మరి తగ్గిన రెండు సీసాలు?"

ఆయన లేచి లోపలికి నడిచాడు. ఫ్రిజ్ కింది అరలో ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ప్రతి రకం మందువీ రెండేసి సీసాలు, ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ, దాని మీద ఏ రోజు వచ్చింది, ఏ గూడేనికి వేసింది.

"మందు వేసినంక గొడ్డు సస్తే, మందు తప్పా నా తప్పా అని రేపు ఎవరన్నా అడిగితే సాక్షి ఉండాలె గద," అన్నాడు. "మీరడుగుతరని ఎదురుచూస్తున్న. పది రోజులు పట్టింది మీకు."

నా మొహం చూసి మొదటిసారి నవ్వాడు. నా అనుమానం ఆయనకు కోపం తెప్పించలేదు. నచ్చింది.

ఆ తర్వాత నేను ఆయన చెప్పుచేతల్లోకి వెళ్లిపోయాను. భైంసా నుంచి ఒక మందుల కంపెనీ మనిషి బ్యాగులు, గడియారాలు పట్టుకుని వస్తే, కాక గడియారం ముట్టుకోకుండా సీసా ఒకటి అడిగి తీసుకుని దవాఖాన కప్పు మీద ఎండలో పెట్టాడు. అదే మందు ఇంకో సీసా ఫ్రిజ్‌లో పెట్టాడు. నెలకు రమ్మన్నాడు. నెలకు వచ్చేసరికి రెండూ పక్కపక్కన పెట్టి, ఎండలోదానికి మారిన రంగు చూపించాడు. ఆ మనిషి మళ్లీ మా వైపు రాలేదు. ఏ ఎద్దుకు పుండు మానకపోయినా, ఏ బర్రెకు జ్వరం తగ్గకపోయినా, జనం ఇంట్లో ఉన్న మందు సీసా పట్టుకుని ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నేను ఎడమ కన్ను మూయడం ఆ రోజుల్లోనే మొదలైంది. నేనొక్కదాన్నే కాదు, గూడేల్లో ఆడవాళ్లు కూడా సీసా ఎత్తి చూడడం నేర్చుకున్నారు. అందరికంటే బాగా నేర్చుకున్నది లచ్చుబాయి.

లచ్చుబాయిది మా దవాఖానకు ఏడు కిలోమీటర్ల దూరంలో అడవి అంచున ఇరవై ఇళ్ల గూడెం. ఆమెకు పద్దెనిమిది మేకలు. వానలు పడేముందు రెండు అమ్మి పత్తి విత్తనం కొనుక్కునేది, ఇంట్లో ఎవరికన్నా జబ్బుచేస్తే ఇంకోటి అమ్మేది. ఆమెకు ఉన్న ధైర్యమంతా ఆ మేకల మందే. మా కాక మాటంటే ఆమెకు అంతే.

ఇప్పుడు ఆ సంగతికి వస్తాను.

మేకలకు పారుడు రోగం వస్తుంది. ముక్కు కారుతుంది, నోరు పుండ్లవుతుంది, పారుతుంది, వారంలో మంద ఖాళీ. దానికి టీకా ఉంది. ఎండబెట్టిన మందు సీసా అడుగున తెల్లటి బిళ్లలా ఉంటుంది, వేసేముందు నీళ్లు కలపాలి. ఆ ఏడాది టీకా ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. వచ్చిన రోజు నేను ఆదిలాబాద్‌లో మీటింగులో ఉన్నాను. ఆయన ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మ, మందొచ్చింది గాని బిళ్ల మంచిగ లేదు. ఎప్పటి లెక్క లేదు. చిన్నగుంది, పసుపుపచ్చగుంది. కంపెనీ గూడ కొత్తది."

"నీకు అనుమానం ఉంటే వెయ్యకు కాకా."

"మీరొచ్చి ఒక్కసారి చూస్తరా?"

"నీకన్నా నేనేం చూస్త?"

ప్రేమతోనే అన్నాను. బద్ధకంతో కూడా అన్నాను. చదువుకున్నదాన్ని నేను. కంపెనీ మారితే బిళ్ల రంగు మారొచ్చని తెలుసుకోవాల్సింది నేను. ఒక్క ఫోన్ చేసి జిల్లాలో అడిగితే చెప్పేవాళ్లు. అడగలేదు. ఆయన సాక్షికి రెండు సీసాలు ఉంచి, మిగతావన్నీ పగలగొట్టి గుంతలో పూడ్చేశాడు. మంచి మందు పంపమని నేను కాగితం రాశాను. ఆ మందు వచ్చేలోపల రోగం వచ్చింది.

లచ్చుబాయి మేకలు పద్నాలుగు పోయాయి. గూడెంలో ఒక్క ఇల్లు కూడా తప్పించుకోలేదు. మేము వెళ్లేసరికి ఆమె వాకిట్లో కూర్చుని, చచ్చినవాటిని వరుసగా చూస్తూ ఏడవకుండా ఉంది. ఆయన్ని చూసి లేచి నిలబడి ఒకే మాట అన్నది.

"గా కరాబ్ మందు ఏసుంటే గీ నాలుగు గూడ మిగలకపోతుండె కాకా. నువ్వు పారేసినవ్, మంచి పని జేసినవ్."

ఆయన ఆ పొగడ్త తీసుకున్నాడు. అప్పుడు ఆయనా అదే నమ్మాడు.

నాకే లోపల ఎక్కడో గీరుతూ ఉండింది. ఆయనకు చెప్పకుండా ఆ రెండు సాక్షి సీసాలను పరీక్షకు పంపాను. చాలా రోజులకు జవాబు వచ్చింది. మందులో ఏ లోపమూ లేదు. కొత్త కంపెనీ బిళ్ల అలాగే ఉంటుంది.

ఆ కాగితాన్ని మూడు రోజులు సొరుగులో పెట్టుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆయనకు వయసైపోయింది, ఇంకో రెండేళ్లలో ఉద్యోగం అయిపోతుంది, ఎందుకు చెప్పాలి అని నాకు నేనే నచ్చచెప్పుకున్నాను. నాలుగో రోజు, ఏమో దాస్తున్నారు అన్నట్టు ఆయన నన్నే ఎడమ కన్ను మూసి చూస్తుంటే తట్టుకోలేక తీసి ఇచ్చేశాను. రెండుసార్లు చదివించుకున్నాడు. బయటికి పోయి గుంత దగ్గర చాలాసేపు నిలబడి వచ్చాడు.

"గూడెం పోదాం," అన్నాడు.

అక్కడ అందరినీ పిలిచి, దాపరికం లేకుండా చెప్పాడు. "మందు మంచిదే. తప్పు నాది. నాకు తెల్వక పారేసిన. ఏసుంటే మీ మేకలు బతుకుతుండె."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత అందరి చూపూ నా మీదికి వచ్చింది. లచ్చుబాయి ఆయన్ని పక్కకు పిలిచింది గాని, నాకు వినపడేలాగే అడిగింది.

"గీ డాక్టరమ్మ చెప్పుమన్నదా? కంపెనోళ్లు బెదిరించిండ్రా? నౌకరి తీసేస్తమన్నరా?"

"లేదు బిడ్డా. నిజమే చెప్తున్న."

"నువ్వు గట్ల పారేసేటోనివి కావు. నాకెరుకే."

ఎన్ని విధాల చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. కాగితం చూపిస్తే కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. దొంగలంతా కలిసి ఆ ముసలాయనతో నేరం ఒప్పించారని గూడెమంతా తేల్చేసింది. తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఆయన ఆ కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. అంతమంది నమ్మకం ఒక మనిషిని అంత బాధపెట్టడం నేను అంతకుముందు చూడలేదు.

కొద్దిరోజులకు మళ్లీ టీకా వచ్చింది. అదే కంపెనీ. అదే చిన్న పసుపుపచ్చ బిళ్ల. చలికాలం దగ్గర పడుతోంది, రోగం మళ్లీ తిరిగే కాలం. లచ్చుబాయి సీసా అడిగి తీసుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"గిది గదే గద. నా మేకలకు వద్దు."

గంటసేపు బతిమాలాడు. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. "నాలుగున్నయి. రెండింటికి ఎయ్యి, రెండింటికి వద్దు. మందు మంచిదో కాదో నేనే చూస్త." గూడెంలో అందరికీ ఆ మాట నచ్చింది. ఇంటికి సగం. మందు పడిన మేక మెడకు ఎర్రదారం కట్టాలి, పడనిదానికి కట్టొద్దు. నేను ఎన్ని చదువులు చదివినా అంతకన్నా మంచి పరీక్ష చెప్పలేను. కానీ రోగం వస్తే దారం లేని సగం చస్తాయని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఏ రెండో నువ్వే చెప్పు కాకా," అన్నది ఆమె.

ఆయన చాలాసేపు ఆ నాలుగింటినీ చూశాడు. రెండింటికి సూది వేసి దారం కట్టించాడు. తర్వాత మిగతా రెండింటి వైపు చూసి, "వీటికి ఊర్కెనే బలం సూది ఏస్త, బక్కగున్నయి," అన్నాడు. జీపు వెనక్కు వెళ్లి సిరంజి నింపుకుని వచ్చాడు. బలం మందు మా దగ్గర ఉన్నది ఎర్రగా ఉంటుంది. ఆయన సిరంజిలో ఉన్నది అచ్చం కలిపిన టీకాలాగే నీళ్లలా ఉంది.

నేను చూశాను. ఆయన నా వైపు చూడలేదు. ఒక పేరు చెప్పి ఇంకోటి ఎక్కించేవాళ్ల మీద జీవితమంతా మండిపడ్డ మనిషి, నా కళ్ల ముందే ఆ పని చేశాడు. నేను ఆపలేదు. ఆ రోజు సాయంత్రం దాకా ఇంటింటికీ తిరిగి దారం లేని ప్రతి మేకకూ బలం సూది వేశాడు.

చలికాలంలో పక్క గూడేనికి రోగం వచ్చింది. వాళ్లు టీకా దగ్గరికే రానివ్వలేదు, వాళ్ల మందలు ఊడ్చుకుపోయాయి. మా గూడెంలో ఒక్క మేక చావలేదు. లచ్చుబాయి మేకలు ఈని పిల్లలు కూడా పెట్టాయి. ఆయన మొహంలో కొన్నాళ్లకు కాస్త వెలుగు కనపడింది.

మరుసటి ఏడాది మేకపిల్లలకు టీకా వెయ్యడానికి వెళ్లాం. లచ్చుబాయి వాకిట్లోనే ఎదురొచ్చింది, నవ్వుతూ.

"ఇగ గీ మందెందుకు కాకా? ఎర్రదారం ఉన్నయీ బతికినయి, లేనియీ బతికినయి. మందు ఉత్త నీళ్లే. నువ్వు మొదలే చెప్పినవ్, నువ్వే గెలిచినవ్."

గూడెం మొత్తం అదే నిర్ణయానికి వచ్చిందట. ఇక ఏ టీకా వద్దు. ఏ మందూ వద్దు. గుంపుగా వాకిట్లో ఉన్న తొమ్మిది పిల్లలను చూశాను. వాటికి ఏ రక్షణా లేదు. ఆయన అబద్ధమే ఆమె పరీక్షను పాడుచేసింది, అది ఆయనకు అర్థమైంది. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"లచ్చుబాయీ, పోయినేడు దారం కట్టనివాటికి నేను ఏసింది బలం సూది గాదు. గదే మందు."

ఆమె నవ్వు ఇంకా పోలేదు. "ఏమంటున్నవ్?"

"నీకు అబద్ధం చెప్పిన. గూడెం మొత్తానికి చెప్పిన. అన్ని మేకలకూ మందు పడ్డది, గందుకే అన్నీ బతికినయి. పక్క గూడెంల పడలే, సచ్చినయి. నువ్వు చూస్తనన్నవ్ గద, ఇప్పుడు చూడు."

ఆమె నా వైపు తిరిగింది. "నిజమేనా డాక్టరమ్మ?"

"నిజమే అక్కా. నేను జూసిన."

"చూసి ఊకున్నవా?"

"ఊకున్న."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. వేళ్లతో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. ఆమె తలెత్తేసరికి ఆ మొహంలో ఆయన మీద ఎన్నేళ్లుగానో నేను చూసిన చనువు లేదు.

"గంటే మందు మంచిదే."

"మంచిదే బిడ్డా."

"గప్పుడు నువ్వు పారేసింది గూడ మంచిదే. నువ్వు చెప్తే నేనే నమ్మలే. నువ్వు గసుంటి తప్పు చెయ్యవని నమ్మలే." వాకిట్లో మేకపిల్లల వైపు చూసింది. "గంటే నా పద్నాలుగు మేకలు నీ చేతుల పోయినయి."

ఆయన అవునన్నట్టు తల ఊపాడు. నీకన్నా నేనేం చూస్తానని ఫోన్ పెట్టేసింది నేను, ఆ మాట అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

లచ్చుబాయి లేచి ఒక మేకపిల్లను పట్టుకుని చంకలో ఇరికించుకుంది. "డాక్టరమ్మ, నువ్వెయ్యి. అన్నిటికి ఎయ్యి. ఆయన చేత్తోని వద్దు."

ఆయన సిరంజి నా చేతిలో పెట్టాడు. నీళ్లు ఎంత కలపాలో నాకు తెలిసిందే అయినా మెల్లగా ఒకసారి చెప్పాడు. తర్వాత తడిక తెరుచుకుని బయటికి నడిచాడు. ఆ గూడెంలో ఇంకా పందొమ్మిది ఇళ్లు ఉన్నాయి. నేను మొదటి పిల్లకు సూది వేసేసరికి, ఆయన పక్కింటి వాకిట్లో నిలబడి అదే మాట మొదటి నుంచి చెప్పడం వినపడింది.